దొంగిలించిన మందు పనిచేస్తుంది, దొంగిలించిన ఎత్రోగ్ చెల్లదు

వినాయక చవితి వెళ్ళిన కొన్నాళ్ళకి మా మేనల్లుడు ఫ్యామిలీ గ్రూపులో ఒక వీడియో పెట్టాడు. యూదుల సుక్కోత్ పండుగ గురించి. ఖర్జూరపు మట్ట, ఎత్రోగ్ అనే నిమ్మజాతి పండు, మర్టిల్ కొమ్మలు, విల్లో కొమ్మలు చేత పట్టుకుని ఊపుతూ ప్రార్థన చేసేవాళ్ళని చూపిస్తూ, అందులో మాట్లాడినాయన ఒక్కో మొక్కకీ ఒక్కో జబ్బు పేరు చెప్పుకుంటూ పోయాడు. విల్లోలో ఆస్పిరిన్ ఉందట. ఎత్రోగ్‌లో విటమిన్ సి. మర్టిల్ ఆకులో క్రిములను చంపే తైలం. ఖర్జూరంలో ఐరన్. చివర్లో మామూలు ముక్తాయింపే, పెద్దవాళ్ళు ఏదీ ఊరికే పెట్టలేదని. కింద మావాడి వ్యాఖ్య: "చూశావా అత్తా, వాళ్ళూ మనలాగే. మన ఇరవై ఒక్క పత్రీ మందే, వాళ్ళ నాలుగు మొక్కలూ మందే."

నన్నే పేరుపెట్టి పిలవడానికి కారణం ఉంది. ఫార్మసీ కాలేజీలో చాలా ఏళ్ళు ఫార్మకాగ్నసీ చెప్పాను. మొక్కల నుంచి వచ్చే మందులను గుర్తుపట్టడం, పరీక్షించడం ఆ సబ్జెక్టు. మా ఇంట్లో ఎవరికి ఏ ఆకు దొరికినా "ఇది దేనికి మందు?" అని నా దగ్గరికే వస్తారు. ఒక బొటనవేలు బొమ్మ పెట్టేస్తే వాడూ సంతోషించేవాడు, నాకూ పని అయిపోయేది. పెట్టబుద్ధి కాలేదు.

వీడియోలోని రసాయనాలు చాలావరకు సరైనవే. విల్లో బెరడులో ఉండేది ఆస్పిరిన్ కాదు గానీ దానికి మూలమైన సాలిసిన్ ఉంటుంది. మర్టిల్ మన జామ, నేరేడు కుటుంబానిదే, ఆకు నలిపితే ఘాటుగా తైలం వాసన వేస్తుంది. నా పేచీ వాటితో కాదు. మందు కాబట్టే పండుగలో పెట్టారు అనడంతో. దానికి యూదుల సొంత గ్రంథాల్లో ఆధారం కనబడదు. పైగా చాలాచోట్ల అవి దానికి అడ్డంగా మాట్లాడతాయి.

తెలుగు బైబిలు చదివేవాళ్ళకి ఈ నాలుగూ పరిచయమే. లేవీయకాండం 23వ అధ్యాయంలో పర్ణశాలల పండుగ (సుక్కోత్‌కి అక్కడి పేరు) దగ్గర దబ్బపండ్లు, ఈతమట్టలు, గొంజి కొమ్మలు, కాలువల పక్కన పెరిగే నిరవంజి కొమ్మలు పట్టుకుని ఏడు రోజులు దేవుడి ముందు సంతోషించమని ఉంటుంది. జబ్బు ఊసు అక్కడ లేనేలేదు.

కొనేటప్పుడు ఏం చూస్తారు?

ఒక మొక్కని ఎందుకు వాడుతున్నారో తెలియాలంటే, వాడేవాళ్ళు చెప్పే కారణాల కంటే వాళ్ళు దాన్ని కొనేటప్పుడు ఏం చూస్తారన్నది నాకు నమ్మకమైన సాక్ష్యం.

న్యూజెర్సీలో మా అబ్బాయి పక్కింట్లో ఒక యూదు పెద్దాయన ఉంటారు. లెక్కల టీచరుగా రిటైరయ్యారు. నేనక్కడున్నప్పుడు సుక్కోత్ వస్తే, తెప్పించుకున్న సరుకు చూపించారు. చిన్న అట్టపెట్టె, లోపల నారపీచు, అందులో పొదిగిన పసుపుపచ్చ పండు. నిమ్మకాయ కంటే బాగా పెద్దది, ఒళ్ళంతా గతుకులు, నడుం దగ్గర కాస్త సన్నం. కొసన పువ్వు కీలం రాలిపోకుండా చిన్న పుల్లలా మిగిలి ఉంది. దాన్ని పితోమ్ అంటారు. పండు పితోమ్‌తో పెరిగి, తర్వాత అది విరిగిపోతే చెల్లదు. అసలు పుట్టుకతోనే లేకపోతే మాత్రం అభ్యంతరం లేదు. ఆయన భూతద్దం తీసి పండు పైభాగమంతా వెతికారు, నల్లచుక్క ఉందా, తొక్కకి ఎక్కడైనా చిల్లు పడిందా అని. తర్వాత మర్టిల్ కొమ్మ నా చేతికిచ్చి కణుపు కణుపుకీ ఆకులు లెక్కపెట్టమన్నారు. మర్టిల్‌కి మామూలుగా కణుపుకి రెండాకులు ఎదురెదురుగా వస్తాయి. పండుగకి పనికొచ్చే కొమ్మకి మాత్రం కణుపుకి మూడేసి ఆకులు ఒకే ఎత్తులో ఉండాలి. విల్లో ఆకు అంచు రంపంలా ఉండకూడదు. ఖర్జూరపు మట్ట ఇంకా విచ్చుకోనిదై, నడిమి ఆకు చీలకుండా ఉండాలి.

అన్నీ అయ్యాక "మరి వాసన చూడరా?" అని అడిగాను.

"వాసనకి మార్కుల్లేవు" అన్నారాయన.

మందుల ప్రమాణాలు రాసి ఉండే ఫార్మకోపియాలో ఏ మొక్క పేజీ తిప్పినా మార్కులన్నీ వేరేవాటికే. తైలం ఇంత శాతానికి తగ్గకూడదు, బూడిద ఇంతకి మించకూడదు, తేమ ఇంతే ఉండాలి. రెండాకుల మర్టిల్‌లోనూ మూడాకుల మర్టిల్‌లోనూ ఉండేది ఒకటే తైలం. మందు కోసమే అయితే ఆ మూడో ఆకు కోసం అంత పట్టుదల దేనికి? సాలిసిన్‌కి ఆకు అంచుతో ఏం పని?

ఇంకా పెద్ద సాక్ష్యం మిష్నాలో ఉంది. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన ఈ ధర్మశాస్త్రంలో సుక్కా అనే భాగం మూడో అధ్యాయం ఈ మొక్కల గురించే. మొదలవడమే "దొంగిలించింది, ఎండిపోయింది చెల్లదు" అని మొదలవుతుంది. నాలుగు మొక్కలకీ ఇదే నియమం. పండుగ మొదటి రోజున పట్టుకునేది మీ సొంతమై ఉండాలి, అరువు తెచ్చుకున్నది కూడా కుదరదు. మిష్నా మీద తర్వాతి పండితుల చర్చలు కూర్చిన తాల్ముద్‌లో దీనికో కథ ఉంది. రబ్బాన్ గమ్లియేల్, రబ్బీ యెహోషువ, రబ్బీ ఎలాజర్ బెన్ అజర్యా, రబ్బీ అకివా అనే నలుగురు యూదు మతగురువులు ఓడలో వెళుతున్నారు. నలుగురిలో గమ్లియేల్ దగ్గర మాత్రమే, వెయ్యి జూజులు (వెండి నాణేలు) పోసి కొన్న మట్టల కట్ట ఉంది. ఆయన తన పూజ చేసుకుని దాన్ని రెండో ఆయనకి దానమిచ్చేశాడు. ఆయన మూడో ఆయనకి, ఆయన నాలుగో ఆయనకి. నాలుగో ఆయన తిరిగి గమ్లియేల్‌కి. ప్రతి ఒక్కరి చేతిలోనూ అది ఆ కాసేపు వాళ్ళ సొంతం కావాలి కాబట్టి.

మాత్రకి ఇలాంటి పట్టింపులు ఉండవు. పక్కవాళ్ళ డ్రాయరులోంచి అడక్కుండా తీసి వేసుకున్నా జ్వరం తగ్గుతుంది. ఎవరిదన్న దాన్ని బట్టి చెల్లడం, చెల్లకపోవడం ఉన్న వస్తువుని మందు అనడం నా వల్ల కాదు.

చేతిలో ఉన్నన్నాళ్ళూ వాడుక బంద్

అదే సుక్కాలో తాల్ముద్ వ్యాఖ్యానం 37వ పుటలో మరీ విచిత్రమైన మాట ఒకటుంది. రబ్బా అనే పండితుడు చెబుతాడు: పండుగకని పెట్టుకున్న మర్టిల్‌ని వాసన చూడకూడదు, పండుగకని పెట్టుకున్న ఎత్రోగ్‌ని వాసన చూడొచ్చు. పైకి చిత్రంగా కనిపించినా లెక్క తేలికే. మర్టిల్‌ని జనం పెంచుకునేది వాసన కోసం. కాబట్టి పండుగకి పక్కన పెట్టామంటే వాసన నుంచి పక్కన పెట్టినట్టు. ఎత్రోగ్‌ని ఉంచుకునేది తినడానికి. దాన్ని పక్కన పెట్టామంటే తిండి నుంచి పక్కన పెట్టినట్టు.

అంటే ఏ మొక్క దేనికి పనికొస్తుందో వాళ్ళకి బాగా తెలుసు. తెలిసి, సరిగ్గా ఆ ఉపయోగానికే తాళం వేశారు. పండుగ ముగిసే రోజున పిల్లలు మట్టలు అవతల పారేసి ఎత్రోగ్‌లు తినేసేవాళ్ళని మిష్నాయే చెబుతోంది. తాళం తీసేది అప్పుడు.

(పండుగ పండుని ఇంకో రకంగా వాడిన సందర్భమూ ఉంది. రాజూ ప్రధాన యాజకుడూ తానే అయిన అలెగ్జాండర్ యన్నాయ్ సుక్కోత్ నాడు బలిపీఠం దగ్గర నిలబడితే, జనం చేతుల్లో ఉన్న ఎత్రోగ్‌లతోనే ఆయన్ని కొట్టారని యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. మా మేనల్లుడి లెక్కన దాన్ని ఆయుధంగా కనిపెట్టారని కూడా అనుకోవచ్చు.)

క్రీ.శ. 132 నుంచి 135 దాకా రోము మీద తిరగబడ్డ బార్ కోఖ్బా రాయించిన ఉత్తరాలు మృత సముద్రం దగ్గరి గుహల్లో 1960, 61లలో యిగేల్ యాదిన్ బృందానికి దొరికాయి. వాటిలో ఒకటి ఈ నాలుగు మొక్కల గురించే. రెండు గాడిదలను పంపుతున్నాను, ఖర్జూరపు మట్టలు, ఎత్రోగ్‌లు శిబిరానికి పంపండి, మర్టిల్, విల్లో మీ దగ్గర నుంచి తెప్పించండి అని. తను కొట్టించిన నాణేల మీద కూడా మట్టల కట్ట, ఎత్రోగ్ బొమ్మ వేయించాడు. యుద్ధం నడుస్తుండగా ఒక సేనాని గాడిదలు కట్టి మరీ తెప్పించుకున్న ఈ సరుకుకి గాయాలతోనో జ్వరాలతోనో సంబంధం లేదు. పండుగ దగ్గరపడింది, అందుకు.

మరి తాల్ముద్‌లో ఉన్న మందుల మాటేమిటి?

ఎదుటివాదం చిన్నదేమీ కాదు. ఎత్రోగ్ నిజంగానే మందు. తాల్ముద్ షబ్బాత్ భాగంలో పాము విషానికి చిట్కా ఉంది: తియ్యటి ఎత్రోగ్ తెచ్చి, లోపల తొలిచి, తేనె నింపి, నిప్పుల మీద పెట్టి తినమని. దానికి ఎన్నో వందల ఏళ్ళ ముందే గ్రీకు వృక్షశాస్త్రజ్ఞుడు థియోఫ్రాస్టస్ "పారశీక ఆపిల్" అని ఈ పండు గురించే రాశాడు. తినరు, మంచి వాసన, బట్టల్లో పెడితే పురుగు పట్టదు, విషం తాగినవాడికి ద్రాక్షసారాయంలో కలిపి ఇస్తే కక్కిస్తుంది అని. మన ఆయుర్వేదంలో దీని పేరు మాతులుంగం, తెలుగులో మాదీఫలం. అరుచికి, వాంతికి, ఎక్కిళ్ళకి వాడతారు. పండు పుట్టిల్లు కూడా హిమాలయ పాదాల వైపే. అక్కణ్ణుంచి పారశీకం మీదుగా పడమటికి వెళ్ళింది. జెరూసలేం పక్కన రామత్ రాహెల్‌లో పారశీక కాలపు రాజోద్యానం గోడల గారలో ఇరుక్కున్న పుప్పొడిని డాఫ్నా లాంగట్ బృందం పరీక్షిస్తే అందులో ఎత్రోగ్‌ది దొరికింది, మర్టిల్‌దీ విల్లోదీ కూడా దొరికాయి. 2013లో ఆ ఫలితాలు వచ్చాయి.

ఇక్కడ నాకూ కొంత తటపటాయింపు ఉంది. అంత దూరం నుంచి ఒక మొక్కని తెచ్చి రాజు తోటలో నాటింది దాని వాసనకో, విషానికి విరుగుడన్న పేరుకో అయి ఉండొచ్చు. ఆ గౌరవం వల్లే పండుగలోకి కూడా వచ్చిందేమో. కాదని ఖండించలేను. కానీ అదే నిజమనుకున్నా, మందు అన్న పేరు పండుని ఊళ్ళోకి తెచ్చిందని తేలుతుంది తప్ప పండుగలో దాన్ని నిలబెట్టింది అదేనని తేలదు.

పైగా ఆ వైద్యం మాటలు వచ్చే చోటు చూడండి. కెతుబోత్ భాగంలో, గర్భిణి ఎత్రోగ్ తింటే పుట్టే బిడ్డ పరిమళంగా ఉంటుందని ఉంది. పారశీక రాజు షాపూర్ కూతురు అలా పుట్టిందట, తండ్రి ముందు అత్తరులన్నిటికీ మేటిగా ఆమెనే నిలబెట్టేవారట. బాగుంది. కానీ ఆ జాబితాలోనే ఆవాలు తింటే తిండిపోతు పుడతాడనీ, గుడ్లు తింటే పెద్ద కళ్ళవాళ్ళు పుడతారనీ, కొత్తిమీర తింటే ఒళ్ళున్న పిల్లలు పుడతారనీ ఉంది. ఎత్రోగ్ అక్కడ గుడ్ల పక్కన, కొత్తిమీర పక్కన కూర్చున్న ఒక వంటింటి సరుకు. పండుగ ప్రస్తావన లేదు. రెండు ఖాతాలూ వేర్వేరు పుస్తకాల్లో రాసుకున్నారు.

ఆ చిట్కాలను కూడా యూదు పండితులు గుడ్డిగా నెత్తిన పెట్టుకోలేదు. 10వ శతాబ్దంలో బాబిలోనియా విద్యాపీఠం పెద్ద షెరిరా గావోన్ తేల్చి చెప్పేశాడు: మన ఋషులు వైద్యులు కారు, తమ కాలంలో చూసింది చెప్పారు, వైద్యుణ్ణి అడగకుండా వాటిని ప్రయోగించకండి అని. నా పాఠాల్లో మొదటి గంటకి ఇంతకన్నా మంచి వాక్యం నాకు దొరకలేదు.

ఈ వివాదంలో నేను పిలిచే పెద్ద సాక్షి యూదు ధర్మశాస్త్ర పండితుడు మైమోనిడీస్. 1204లో పోయాడు. ఈజిప్టులో సుల్తాను సలాదీన్ మంత్రి అల్ ఫాదిల్‌కి వైద్యుడు. విషాల మీద, ఉబ్బసం మీద పుస్తకాలు రాశాడు. దేవుడి ఆజ్ఞలకి మనిషికి అర్థమయ్యే కారణాలు వెతకడం ఆయనకి ఇష్టమైన పని. ఆలయంలో ధూపం ఎందుకంటే, బలుల వల్ల వచ్చే దుర్గంధం పోవడానికి అని మొహమాటం లేకుండా రాశాడు. అలాంటి మనిషి ఈ నాలుగు మొక్కల దగ్గరికి వచ్చి ఏమన్నాడు? ఎడారి వదిలి పండ్లూ నీళ్ళూ ఉన్న నేలకి చేరిన సంతోషానికి గుర్తు. ఆ కాలంలో అక్కడ తేలిగ్గా దొరికేవి. చూడ్డానికి పచ్చగా బాగుంటాయి, కొన్నిటికి మంచి వాసన కూడా ఉంది. ఏడు రోజులు వాడిపోకుండా ఉంటాయి. అంతే. చేతిలో వైద్యం ఉండి, ప్రయోజనం వెతికే బుద్ధి ఉండి, ఈ ఒక్కచోట వైద్యం మాట ఎత్తలేదు. వీడియోవాళ్ళకి కనిపించింది ఆయనకి కనబడలేదని ఎలా అనుకోను?

హిస్సోపు, పుత్రదాత వృక్షపు పండ్లు

వాదం ఈ నాలుగు మొక్కలకే పరిమితమా అని ఒకరు అడగొచ్చు. హిస్సోపు సంగతి చూద్దాం. దాన్ని ఇవాళ అక్కడ జాతర్ అని రొట్టె మీద చల్లుకు తినే ఆకుగా చాలామంది పండితులు గుర్తిస్తారు. కార్వక్రాల్, థైమాల్ దండిగా ఉన్న మొక్క, క్రిములను చంపే గుణం ప్రయోగశాలలో రుజువైందే. కుష్ఠు నుంచి శుద్ధి చేసే కర్మలో దేవదారు కర్ర, ఎర్రదారం, పక్షులతో పాటు హిస్సోపు కట్ట వాడతారు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి అనిపిస్తుంది. కానీ లేవీయకాండం 14వ అధ్యాయం మొదట్లోనే, యాజకుడు పాళెం బయటికి వెళ్ళి చూసి, రోగం నయమైపోయి ఉంటే అప్పుడు ఈ కర్మ మొదలుపెట్టాలని ఉంది. జబ్బు తగ్గాక వచ్చేది చికిత్స ఎలా అవుతుంది? అది మనిషిని మళ్ళీ ఊళ్ళోకి రానిచ్చే తంతు. మరోపక్క మిష్నా సబ్బాతు (వారంలో విశ్రాంతి దినం) నియమాల్లో, గ్రీకు హిస్సోపు అనే రకాన్ని ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు తినరు కాబట్టి సబ్బాతు రోజున తినకూడదని ఉంది. ఏది తిండో ఏది మందో విడివిడిగా తెలిసినవాళ్ళే ఇలా రాయగలరు.

సంతానం కోసం వాడే మొక్క కథ అయితే ఏకంగా వెక్కిరింపులా ఉంటుంది. ఆదికాండం 30వ అధ్యాయంలో లేయా కొడుకు రూబేను పొలంలోంచి పుత్రదాత వృక్షపు పండ్లు (మాండ్రేక్) తెస్తాడు. పిల్లలు లేని రాహేలు వాటి కోసం తన అక్కా సవతీ అయిన లేయాతో బేరం పెట్టి, ఆ రాత్రి యాకోబుని అక్కకి వదిలేస్తుంది. పండ్లు పుచ్చుకున్న రాహేలుకి వెంటనే ఏమీ కాలేదు. పండ్లు ఇచ్చేసిన లేయాకి మరో ఇద్దరు కొడుకులు, ఒక కూతురు పుట్టారు. కథ రాసినవాడు ఆ మందుని నమ్మాడనుకోవడం కష్టం.

ఏమీ లేని కొమ్మ

వీడియోలో అన్నిటికన్నా ఎక్కువసేపు మోగింది విల్లో. దాని వైద్య చరిత్ర గొప్పదే. 1763లో ఎడ్వర్డ్ స్టోన్ అనే ఇంగ్లీషు మతగురువు విల్లో బెరడు పొడి చలిజ్వరానికి పనిచేస్తోందని రాయల్ సొసైటీకి రాశాడు. 1897లో బేయర్ కంపెనీలో ఫెలిక్స్ హాఫ్‌మన్ ఆస్పిరిన్ తయారుచేశాడని మనం పుస్తకాల్లో చెప్పుకుంటాం. అదే కంపెనీలో పనిచేసిన యూదు రసాయనవేత్త ఆర్థర్ ఐకెన్‌గ్రూన్, ఆ పని తన ఆలోచన ప్రకారం జరిగిందని 1949లో రాశాడు. అప్పటికి ఆయన టెరేజియన్‌స్టాట్ నాజీ శిబిరం నుంచి బతికి బయటపడ్డ ముసలాయన. విల్లోకీ యూదులకీ ఏదైనా వైద్య బంధుత్వం చెప్పాలంటే ఇది చెప్పాలి. పండుగకి మాత్రం దీనితో సంబంధం లేదు. సాలిసిన్ ప్రధానంగా బెరడులో ఉంటుంది. పండుగకి తెచ్చేవి లేత కొమ్మలు. ఏడో రోజైన హోషానా రబ్బా నాడు వేరే విల్లో కొమ్మలు కట్టగా కట్టి ఆకులు రాలేలా నేలకేసి కొడతారు.

విల్లో ఆ కట్టలో ఎందుకుందో మిద్రాష్ అనే పాత బైబిలు వ్యాఖ్యానంలో అందంగా ఉంటుంది. ఎత్రోగ్‌కి రుచీ ఉంది, వాసనా ఉంది: చదువూ మంచిపనులూ రెండూ ఉన్నవాళ్ళలాగ. ఖర్జూరానికి రుచి ఉంది, వాసన లేదు. మర్టిల్‌కి వాసన ఉంది, రుచి లేదు. విల్లోకి రెండూ లేవు: చదువూ లేక, మంచిపనులూ లేక ఉన్నవాళ్ళు. వీళ్ళనేం చెయ్యాలి? నాశనం చెయ్యడం కుదరదు, అందరినీ ఒక కట్టగా కట్టండి, ఒకరి లోటు ఒకరు పూడుస్తారు అంటాడు దేవుడు. నాలుగింట్లో ఏది లేకపోయినా మిగతా మూడూ చెల్లవన్నది నియమం. విల్లో లేకుండా ఎంత ఖరీదైన ఎత్రోగ్ అయినా ఉత్త పండే.

ఏ గుణమూ లేకపోవడమే దాని అర్హత. వీడియోవాళ్ళు దానికి గుణం అంటగట్టేశారు, "ఇదే అన్నిటిలోకీ మహా మందు" అని. మెచ్చుకున్నామనుకుంటూ ఆ కొమ్మ అక్కడున్న కారణాన్నే లాగేశారు. నాకు అసలు కోపం వచ్చింది ఇక్కడే.

అలాగని మిద్రాష్ చెప్పే అర్థమే అసలు అర్థమని నేననను. అదే గ్రంథం ఇంకోచోట మట్ట వెన్నెముక, ఎత్రోగ్ గుండె, మర్టిల్ ఆకు కన్ను, విల్లో ఆకు నోరు అంటుంది. మరోచోట అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు, యోసేపు అంటుంది. మైమోనిడీస్ వీటన్నిటినీ కవిత్వం కింద లెక్కకట్టాడు. అర్థాలు మారుతూ వచ్చాయి, చెయ్యాల్సిన పని మారలేదు. ఐరన్, విటమిన్ సి కూడా ఇలాంటి ఇంకో కవిత్వమే కదా అని మావాడు అనొచ్చు. కానీ కవిత్వం తనని తాను పరీక్షకి పెట్టుకోదు. సైన్సు పేరు చెప్పుకున్నది పరీక్షకి నిలబడి తీరాలి.

ఈ వాదం ఎందుకు ముద్దొస్తుంది?

ఇలా సమర్థించుకోవాలన్న ఆశ యూదుల్లోనూ లేకపోలేదు. 1911లో డ్రెస్డెన్‌లో అంతర్జాతీయ ఆరోగ్య ప్రదర్శన జరిగినప్పుడు, యూదుల ఆచారాల్లోని పరిశుభ్రత గురించే ఒక విభాగం పెట్టారు. వియన్నా రబ్బీ మాక్స్ గ్రున్‌వాల్డ్ దానికి తోడుగా ఒక సంకలనం తెచ్చాడు. యూదులు మురికివాళ్ళు, రోగాలు మోసుకొస్తారు అని యూరప్ నోరు పారేసుకుంటున్న కాలం అది. మా ఆచారాలే ఆరోగ్యం అని వాళ్ళు జవాబు చెప్పుకోవడాన్ని నేను తప్పుపట్టలేను. అవసరంలో ఉన్నవాడి వాదం అది. అవసరం లేనివాళ్ళు కూడా దాన్నే పట్టుకోవడం వేరే సంగతి. ఆచారాన్ని మందు అని నిలబెడితే, అంతకన్నా మంచి మందు వచ్చిన రోజున ఆచారం పని అయిపోయినట్టే. విల్లో కన్నా ఆస్పిరిన్ మాత్ర చవక, మోతాదు కచ్చితం.

మన పత్రి సంగతి కూడా మావాడు అడిగాడు కాబట్టి ఒక్క మాట. అందులో ఉమ్మెత్త ఉంది, జిల్లేడు ఉంది. రెండూ విషాలే. చవితి పొద్దున బజార్లో కట్టి అమ్మే పత్రిలో ఏ ఆకు ఉందో కొనేవాడూ చూడడు, అమ్మేవాడూ చెప్పడు. మందుల దుకాణంలో అలా కొంటామా? ఆ పరీక్ష ఇక్కడికీ వర్తిస్తుంది. మిగతాది ఇంకెప్పుడైనా.

పండుగ అయ్యాక

ఎత్రోగ్‌తో నిజంగా వైద్యంలాంటిది జరిగేది పండుగ అయ్యాకే. అదీ ఎక్కువగా ఆడవాళ్ళ చేతుల్లో. తూర్పు యూరప్ యూదు స్త్రీలు తమ వాడుక భాష ఇడ్డిష్‌లో చదువుకున్న త్సెనా ఉరెనా అనే పుస్తకంలో ఒక ఆచారం ఉంది. హోషానా రబ్బా నాడు గర్భిణి ఎత్రోగ్ పితోమ్ కొరుకుతుంది. సుఖప్రసవం కావాలని. బైబిల్లో తొలి స్త్రీ హవ్వ దేవుడు వద్దన్నా తిన్న పండు ఎత్రోగే అన్న అభిప్రాయం పాత మిద్రాష్‌లో ఉంది, గోధుమ, ద్రాక్ష, అంజూరం అన్నవాళ్ళూ ఉన్నారు. కొరుకుతూ ఆమె చేసే ప్రార్థన సారాంశం ఇది: హవ్వ తిన్నందుకే ఆడవాళ్ళందరికీ ఈ నొప్పులు. నేనే అక్కడుంటే తినేదాన్ని కాదు. ఈ ఏడు రోజులూ పండు చేతిలో ఉన్నా పాడు చెయ్యాలని నాకు అనిపించలేదు కదా. ఇప్పుడు విధి తీరిపోయింది, అయినా తినాలన్న తొందర లేదు. ఈ పుల్ల కొరకడంలో నాకెంత రుచి దక్కిందో, ఆ పండులోనూ అంతే దక్కేది.

ఈ ప్రార్థనలో ఆమెకి బలం ఎక్కణ్ణుంచి వస్తోంది? పండులో ఉన్న ఏ రసం నుంచీ కాదు. పితోమ్ ఎండిపుల్ల, అందులో ఏం ఉంటుంది? ఏడు రోజులు ముట్టుకోకుండా ఉన్నాను అన్న ఒక్క మాటే ఆమె వాదనంతా. వాడుకకి తాళం వేసి ఉండకపోతే ఈ నాటువైద్యానికి అసలు నోరే లేదు.

ఇప్పటికీ చాలా ఇళ్ళల్లో పండుగ ఎత్రోగ్‌లను కోసి, చేదు పోవడానికి నీళ్ళు మార్చి మార్చి నానబెట్టి, పంచదారతో జామ్ కాస్తారు. తూ బిష్వాత్ అనే చెట్ల పండుగకి తింటారు, నెలలు నిండినవాళ్ళకి సుఖప్రసవానికని పెడతారు. కొందరు పండుకి లవంగాలు గుచ్చి సబ్బాతు ముగింపులో వాసన చూడ్డానికి ఉంచుకుంటారు. వీటితో నాకు ఏ గొడవా లేదు. జామ్ తిన్నంత మాత్రాన కాన్పు తేలికవదని చెప్పి ఎవరి సంతోషాన్నీ పాడుచెయ్యను, ఆసుపత్రికి వెళ్ళడం మానకపోతే చాలు.

అభ్యంతరం ఒక్కటే, అది నా వృత్తి తెచ్చిపెట్టింది. ఈ పండుకి ధర పలికేది మచ్చలేని తొక్క వల్ల. అందుకని పండుగ కోసం పెంచే చాలా ఎత్రోగ్ తోటల్లో పురుగుమందులు గట్టిగా కొడతారు, తినే పంట కాదు కదా అని. తొక్కతో సహా వండుకునే పండు అది. పక్కింటాయన కోడలు అప్పుడు నెలలు నిండి ఉంది, ఆ ఏడు ఇంట్లో జామ్ కాస్తామన్నారు. మందు కొట్టని తోటలోదేనా అని అమ్మినవాణ్ణి అడిగి కాయండి అన్నాను. ఆయన అడిగారు. కాదన్నాడట. ఆ పండుకి లవంగాలు గుచ్చి అలమరలో పెట్టుకున్నారు.